చేను, పశువు, పెంటకుప్ప

ఎకరమున కెంత పంట వచ్చినదని లెక్కించుట మనకు వాడుక. ఆ పంట కొఱకు ఇంటిలో తక్కినవేమి పోయినవని లెక్కించుట అరుదు. సేద్యమున ఒక భాగము మఱియొక భాగమును పోషించును గనుక ఈ రెండవ లెక్కయు చూడవలెను.

నారాయణఖేడు ప్రాంతమున జొన్న సాళ్ల నడుమ కంది విత్తుట పెద్దల నాటి పద్ధతి. వానకాలపు జొన్న సుమారు నాలుగు మాసములకు కోతకు వచ్చును. కంది మొదట మెల్లగా పెరిగి, జొన్న కోసిన పిదప విస్తరించును. కంది వేళ్లు మిక్కిలి లోతునకు దిగి అచ్చటి తేమను గ్రహించును. కావున రెండింటికిని పోటీ తక్కువ. కంది వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును. రాలిన యాకు నేలకు బలమగును. జొన్న గింజ మనకు, చొప్ప పశువునకు, పశువు పేడ మరల చేనికి.

ఇక చేనంతయు ప్రత్తియే వేసితిమనుకొనుడు. ధర యున్న యేడు సొమ్ము వచ్చును. కాని చొప్ప యుండదు. మేత లేక పశువుల నమ్ముకొందుము. పశువులు పోగా పెంట పోవును. పెంట లేని నేల తేమను నిలుపుకొనలేదు. అంతట ఎరువు, దుక్కికూలి, తిండిగింజలు అన్నియు కొనవలసినవే. వాన తప్పిన యేడు అప్పు మాత్రము మిగులును.

మన పొరుగున జహీరాబాదు ప్రాంతమున 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గ్రామసంఘముల స్త్రీలు చిఱుధాన్యములు, పప్పుధాన్యములు కలిపి పండించుచు విత్తనమును ఇంటనే నిలుపుకొనిరి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

ఒక్కసారిగా అంతయు మార్చనక్కఱలేదు. ఒక ఎకరమున జొన్న, కంది కలిపి వేయుడు. పెంటను ఎండవానలకు విడువక గోతిలో నింపి మట్టి కప్పుడు. మూడేండ్లపాటు అమ్మినదానితో బాటు కొన్నదియు వ్రాసికొనుడు. సంఘము పక్షమున విత్తననిధి పెట్టుకొని, శేరు తీసికొన్నవారు కోత పిదప శేరున్నర చెల్లించు నియమము చేసికొనిన, విత్తనమునకై అప్పు చేయవలసిన పని తగ్గును. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులందఱు ఆలోచింతురు గాక.