పశ్చిమ ప్రకాశం: ఊళ్ల ఎత్తు, నేల తీరు, నీటి దారి

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సముద్రమట్టం నుంచి ఒక ఊరి ఎత్తు అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల నైసర్గిక స్వరూపాన్ని, దానికి కారణమైన శిలలను గుర్తించగలుగుతారు.
• ఎత్తుకు, ఉష్ణోగ్రతకు, వర్షానికి మధ్య ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.
• కొన్ని ఊళ్లకు కాలువ నీరు ఎందుకు అందదో ఎత్తుల సహాయంతో లెక్కించి చెప్పగలుగుతారు.

1. పరిచయం

పశ్చిమ ప్రకాశం నుంచి వచ్చే విద్యార్థులు భూగోళ శాస్త్రం తరగతిలో తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. "కృష్ణానది మా కొండ అవతలే ఉంది. శ్రీశైలం మాకు దగ్గరే. అయినా మాకు నీళ్లు ఎందుకు లేవు?" ఈ ప్రశ్నకు రాజకీయంగా చెప్పే సమాధానాలు వేరే ఉన్నాయి. భూగోళం చెప్పే సమాధానం మాత్రం మూడు నాలుగు అంకెలలో ఉంది. ఆ అంకెలను చదవడం నేర్చుకోవడమే ఈ పాఠం లక్ష్యం.

2. ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తారు?

మీరు రైల్లో ప్రయాణించేటప్పుడు స్టేషన్ చివర ఉండే పసుపు రంగు బోర్డును చూసే ఉంటారు. ఊరి పేరు కింద చిన్న అక్షరాలలో సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. సముద్రం అలలతో, పోటుపాట్లతో ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి, తీరంలోని కొన్ని కేంద్రాలలో సంవత్సరాల తరబడి నీటి మట్టాన్ని నమోదు చేసి, ఆ కొలతల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. దీన్నే సగటు సముద్రమట్టం అంటారు. అక్కడి నుంచి లోతట్టు ప్రాంతాలకు ఒక్కొక్క బిందువుగా కొలుచుకుంటూ వెళ్లి, ప్రతి ఊరికీ ఎత్తును నిర్ణయిస్తారు.

ఒంగోలు ఎత్తు సుమారు 10 మీటర్లు. మార్కాపురం సుమారు 145 మీటర్లు. కంభం 180 మీటర్లకు పైన, గిద్దలూరు సుమారు 250 మీటర్ల దగ్గర ఉన్నాయి. అంటే ఒంగోలు నుంచి గిద్దలూరు దాకా మీరు బస్సులో కూర్చుని వెళ్తే, ఎక్కడా ఘాట్ రోడ్డు ఎక్కకుండానే దాదాపు 240 మీటర్లు పైకి వెళ్తారు. ఒంగోలుకు, మార్కాపురానికి మధ్య దూరం 90 కిలోమీటర్లకు పైనే. ఎత్తులో తేడా 135 మీటర్లు. కిలోమీటరుకు ఒకటిన్నర మీటరు కూడా లేదు. కంటికి ఇది చదును నేలే. నీటికి మాత్రం చదును కాదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, పాఠం చివరిదాకా ఇది మనకు అవసరమవుతుంది.

3. కొండలు, లోయలు: శిలలు చెప్పే కారణం

పశ్చిమ ప్రకాశానికి పడమటి గోడ నల్లమల. ఉత్తర దక్షిణంగా సాగే ఈ కొండల సగటు ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం వంటి శిఖరాలు 900 మీటర్లు దాటుతాయి. తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో వెలిగొండలు ఉన్నాయి. నల్లమల పాదాల వెంట, కొండల వరుసల నడుమ ఉన్న నేలలోనే గిద్దలూరు, కంభం, మార్కాపురం వెలిశాయి.

కొండలు ఒకదానికొకటి సమాంతరంగా ఎందుకు ఉన్నాయి? ఈ ప్రాంతమంతా కడప శిలాసముదాయానికి చెందినది. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఇక్కడి జలాల అడుగున ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. బురద గట్టిపడి షేల్, పలకరాయి అయింది. తరవాత భూమి లోపలి ఒత్తిడికి ఈ పొరలు దుప్పటి ముడతల్లాగా ముడుచుకున్నాయి. గట్టిదైన క్వార్ట్‌జైట్ వానకు, గాలికి తట్టుకుని కొండలుగా నిలిచింది. మెత్తనైన షేల్ అరిగిపోయి లోయలు ఏర్పడ్డాయి. ఈ షేల్, పలకరాళ్ల పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'కంభం శిలలు'. మన ఊరి పేరే ఆ శిలల పేరయింది.

మార్కాపురం పలకల గురించి మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. మీ తాతలు అక్షరాలు దిద్దిన పలక, మార్కాపురం నేలను లోయగా మార్చిన ఆ మెత్తని రాయి నుంచి వచ్చిందే. నేల తీరుకు, ఊరి జీవనోపాధికి కారణం ఒకే శిల కావడం ఇక్కడి విశేషం.

4. ఎత్తు పెరిగితే చల్లబడాలి కదా?

సాధారణంగా ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. శ్రీలంకను ఉదాహరణగా తీసుకోండి. కొలంబో సముద్రం ఒడ్డున, కొద్ది మీటర్ల ఎత్తులో ఉంది. అదే దీవి నడుమ ఉన్న నువారా ఎలియా 1868 మీటర్ల ఎత్తులో ఉంది. పై సూత్రం ప్రకారం నువారా ఎలియా కొలంబో కంటే దాదాపు 12 డిగ్రీలు చల్లగా ఉండాలి. వాస్తవంలోనూ తేడా అంతకు దగ్గరగానే ఉంటుంది. అందుకే అక్కడ తేయాకు పండుతుంది.

ఇదే లెక్కను మనకు వేయండి. ఒంగోలు కంటే మార్కాపురం 135 మీటర్లు ఎత్తు. తగ్గవలసిన ఉష్ణోగ్రత ఒక డిగ్రీ కూడా కాదు. కానీ వేసవిలో మార్కాపురం పగటి ఎండ ఒంగోలును మించుతుంది. కారణం ఎత్తు కాదు, దూరం. ఒంగోలుకు మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తగులుతుంది. ఆ గాలి మార్కాపురం దాకా రాదు. పైగా చుట్టూ ఉన్న రాతినేల పగలంతా వేడెక్కుతుంది.

వర్షం విషయం కూడా ఇలాంటిదే. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద చాలా తేమను వదిలేసి ఇటు వస్తాయి. మిగిలిన తేమలో కొంత నల్లమల పడమటి వాలు మీద కురుస్తుంది. కొండ దిగిన గాలి వేడెక్కి పొడిగా మారుతుంది. ఇలా కొండ చాటున వాన తగ్గే ప్రాంతాన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. ఈశాన్య రుతుపవనాల వాన తీరంలో ఎక్కువ కురిసి, లోపలికి వచ్చే కొద్దీ తగ్గుతుంది. రెండు రుతువుల్లోనూ పశ్చిమ ప్రకాశానిది చివరి పంక్తే.

5. నీరు ఎటు పారుతుంది?

రెండు నదుల పరివాహక ప్రాంతాలను వేరుచేసే ఎత్తైన నేలను జలవిభాజకం అంటారు. జలవిభాజకం అనగానే పెద్ద కొండను ఊహించుకోనవసరం లేదు. గిద్దలూరుకు, కంభానికి మధ్య నేల దీనికి మంచి ఉదాహరణ. గిద్దలూరు వైపు నీటిని అందుకునే సగిలేరు దక్షిణంగా కడప జిల్లాలోకి పారి పెన్నలో కలుస్తుంది. కంభం వైపు నీటిని అందుకునే గుండ్లకమ్మ తూర్పుగా పారి, ఒంగోలు ప్రాంతంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. పొరుగూళ్లలో పడిన వానచినుకులు రెండు వేర్వేరు నదుల దారి పట్టి సముద్రానికి చేరుతున్నాయన్నమాట.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, జంపలేరును కలుపుకుని, కంభం దగ్గర రెండు కొండల నడుమ ఇరుకైన సందులోంచి బయటికి వస్తుంది. ఆ సందుకు అడ్డంగా కట్ట వేసి కంభం చెరువును నిర్మించారు. విజయనగర రాజుల కాలం నాటి ఈ చెరువును గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ తవ్వించిందని స్థానికులు చెప్పుకుంటారు. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. దానికి నీరందించే పరివాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు, అంటే సుమారు 1100 చదరపు కిలోమీటర్లు. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది.

ఆ కాలపు మనుషుల దగ్గర సమోన్నత రేఖల పటాలు లేవు. కానీ ఎక్కడ తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలుస్తుందో వాళ్లకు తెలుసు. అయితే ఎంత మంచి చెరువైనా వానను పుట్టించలేదు. నల్లమలలో వాన తప్పిన సంవత్సరాలలో కంభం చెరువు అడుగు కనిపించింది.

6. రెండు జలాశయాలు, ఒక ఊరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కృష్ణ మీద ఈ ప్రాంతానికి దగ్గరగా రెండు జలాశయాలు ఉన్నాయి.

మొదటిది నాగార్జునసాగర్. దీని పూర్తి నీటి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. సాగునీటికి ఉండవలసిన కనీస మట్టం 510 అడుగులు, అంటే 155 మీటర్లు. కాలువలో నీరు పారాలంటే వాలు ఉండాలి. ఉదాహరణకు 10,000 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు అనుకుందాం. 100 కిలోమీటర్ల కాలువకు 10 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. 155 లోంచి 10 తీసివేస్తే మిగిలేది 145. సరిగ్గా మార్కాపురం ఎత్తు! ఇక పొలానికి దించడానికి ఏమీ మిగలదు. అందుకే 203 కిలోమీటర్ల సాగర్ కుడి కాలువ మార్కాపురానికి తూర్పుగా, పల్లపు నేలల మీదుగా దర్శి వైపు సాగింది. మార్కాపురానికి ఆ నీరు రావాలంటే పంపులతో పైకి తోడాలి. తాగడానికి తోడవచ్చు. లక్షల ఎకరాలకు తోడడం చాలా ఖర్చుతో కూడిన పని.

రెండోది శ్రీశైలం. దీని పూర్తి నీటి మట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మార్కాపురం కంటే 125 మీటర్లు ఎత్తు. పంపు అవసరమే లేదు. అయితే మధ్యలో నల్లమల ఉంది. నీరు ఎత్తులో ఉన్నా దారి లేదు.

ఆ దారిని కొండను తొలిచి వేసే ప్రయత్నమే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర 840 అడుగుల మట్టం నుంచి, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవు గల రెండు సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల వరద నీటిని గురుత్వాకర్షణ బలంతోనే దోర్నాల వైపు తీసుకురావాలన్నది పథకం. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. తవ్వకం పూర్తయినంత మాత్రాన పొలానికి నీరు చేరదు. ఫీడర్ కాలువ, పంట కాలువలు, పునరావాసం అన్నీ పూర్తి కావాలి.

ఇక్కడ మరో లెక్క చేసి చూడండి. 840 అడుగులంటే 256 మీటర్లు. గిద్దలూరు సుమారు 250 మీటర్లు. తేడా ఆరు మీటర్లే. పై వాలు ప్రకారం 80 కిలోమీటర్ల దారికి ఎనిమిది మీటర్లు కావాలి. కాబట్టి మార్కాపురానికి వరమైన ఎత్తు గిద్దలూరుకు సరిపోదు. 'పశ్చిమ ప్రకాశానికి నీరు' అని మనం ఒకే మాటగా అంటున్నా, నేల మాత్రం రెండు ఊళ్లనూ ఒకే విధంగా చూడదు.

7. సమోన్నత రేఖ కింద ఉన్న ఊళ్లు

పటంలో ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపే గీతను సమోన్నత రేఖ అంటారు. సొరంగాల నుంచి వచ్చే నీటిని నిలపడానికి మార్కాపురానికి పడమర ఉన్న కొండల వరుసలో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు సందుల దగ్గర ఆనకట్టలు కట్టారు. ఆ కొండలకు, అసలు నల్లమలకు నడుమ ఏర్పడే జలాశయం పేరు నల్లమల సాగర్. కంభం చెరువు కట్టిన వారి ఉపాయమే ఇక్కడా పనిచేసింది. కొండ కట్టిన కట్టకు మనిషి సందులు పూడ్చాడు.

జలాశయం పూర్తిగా నిండితే నీరు ఎంతవరకు వస్తుందో చూపే గీత ఒక సమోన్నత రేఖే. ఆ గీతకు దిగువన సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ మొదలైన 11 గ్రామాలు ఉన్నాయి. కార్యాలయంలోని పటం మీద అది సన్నని గీత. ఆ గ్రామాలవారికి అది ఇల్లు, పొలం, గుడి ఉంటాయా పోతాయా అన్న తీర్పు. ఎత్తులు చదవడం నేర్చుకున్నవారు ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఎవరి పొలానికి నీరు ఎక్కుతుందో లెక్కించే అంకెలే ఎవరి గడప మునుగుతుందో కూడా చెబుతాయి.

8. సారాంశం

ఒక ఊరి ఎత్తు దానంతట అది మనకు చెప్పేది తక్కువ. 145 మీటర్లు అన్న అంకెను సముద్రంతో, కొండతో, జలాశయంతో పోల్చినప్పుడే దానికి అర్థం వస్తుంది. మార్కాపురం నాగార్జునసాగర్ కాలువకు మెరక, శ్రీశైలానికి పల్లం. గిద్దలూరు అంతకంటే మెరక, పైగా వేరే నదీ పరివాహక ప్రాంతం. కొండల తీరుకు క్వార్ట్‌జైట్, షేల్ శిలల గట్టిదనంలో తేడా కారణం. ఈ ఎత్తు వేసవి ఎండను తగ్గించేంతటిది కాదు. కాలువ దారిని నిర్ణయించడానికి మాత్రం చాలు.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సగటు సముద్రమట్టాన్ని ఎలా నిర్ణయిస్తారు?
2. గిద్దలూరు, కంభం ప్రాంతాల వాననీరు ఏ నదుల ద్వారా సముద్రాన్ని చేరుతుంది?
3. మార్కాపురం ఒంగోలు కంటే ఎత్తుగా ఉన్నా వేసవిలో ఎందుకు ఎక్కువ వేడిగా ఉంటుంది?
4. సాగర్ కుడి కాలువ నీరు మార్కాపురానికి దానంతట అది ఎందుకు పారదో లెక్కతో వివరించండి.

క్షేత్ర కృత్యం: మీ దగ్గరి రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉన్న ఎత్తును రాసుకోండి. మీ ఊరి చెరువు అలుగు పారితే ఆ నీరు ఏ వాగులో, ఏ నదిలో కలుస్తుందో ఊళ్లోని పెద్దలను అడిగి, ఒక చిత్తుపటం గీయండి. పటంలో మీ ఇంటిని కూడా గుర్తించండి. అది నీటి దారికి మెరకన ఉందా, పల్లాన ఉందా?