జీతం లేని కొలువు

ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు నిలబడాలంటే జీతం అడగని మనిషి ఒకరుండాలి. మ్యాచ్ సాయంత్రమైతే ఆయన పని పొద్దున్నే మొదలవుతుంది. తాడు లాగి సున్నంతో గీతలు గీయాలి, గోలు స్తంభాలకు వల కట్టాలి, బంతుల్లో గాలి చూసుకోవాలి. పెద్ద మ్యాచ్‌లకు మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. బడి మైదానంలో అంత చోటు దొరక్కపోతే ఉన్నంతలోనే కొలతలు సర్దాలి. టోర్నమెంటు పెడితే చందాలు, రిఫరీకి భోజనం, పిల్లల వయసు ధ్రువపత్రాలు, ఊరు దాటితే రైలు టిక్కెట్లు అన్నీ ఆయన నెత్తినే.

నాయుడుపేట లాంటి చిన్న పట్టణంలో ఈ పనులు పంచుకునే చేతులు తక్కువే ఉంటాయి. బడి, కాలేజీ మైదానాలే దిక్కు కాబట్టి పెద్దలను అడిగి ఒప్పించడం, పరీక్షల కాలంలో ఆట ఆపి చోటు ఖాళీ చేయడం కూడా కార్యకర్త వంతే. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వచ్చింది. దాంతో జిల్లా కార్యాలయాల పనికి నెల్లూరు బదులు తిరుపతి బస్సెక్కాల్సి వచ్చింది.

తెలుగు నేల మీద ఫుట్‌బాల్‌కు ఇలా అంకితమైన వారిలో పెద్ద పేరు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీంది. 1909 ఆగస్టు 17న పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకుంటూ కాలేజీ జట్టుకు ఆడారు, తర్వాత స్థానిక క్లబ్బుల్లో కొనసాగారు. బతుకుతెరువు బడిపంతులు ఉద్యోగం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు.

పంతులుగారి బుద్ధి ఆయన పెట్టిన పోటీల్లో తెలుస్తుంది. అలవాటు లేని కాలితోనే తన్నాలని ఒక పోటీ, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం) చేయకూడదని ఇంకొకటి, పొట్టివాళ్లకు మాత్రమే మరొకటి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడికి బంతి దగ్గరకొచ్చేసరికి అడుగు మార్చుకోక తప్పదు. డ్రిబ్లింగ్ వద్దంటే, బంతి అందకముందే ఎవరికివ్వాలో చూసిపెట్టుకోవాలి. వీటికి కొత్త సామాను అక్కర్లేదు, ఆట నియమం ఒకటి మారిస్తే చాలు. అందుకే డబ్బులేని క్లబ్బు కూడా వీటిని నడపగలదు.

ఆటగాళ్ల ఇబ్బందులూ ఆయన పట్టించుకున్నారు. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద ఇంటి పిల్లవాడు. రోజూ సాధనకు రావడానికి అతని దగ్గర డబ్బుల్లేకపోతే సైకిలు అద్దె రహీం ఇచ్చారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు.

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు టోర్నమెంటు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. గోల్స్ చేసింది పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ అసలు డిఫెండర్. తలకు కుట్లు పడి ఉన్నా అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించింది రహీమే. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన జీవితం ఆధారంగా తీసిన ‘మైదాన్’ హిందీ సినిమా 2024లో విడుదలైంది.

ఒక్కరి మీదే నడిచే క్లబ్బుకు ఆ ఒక్కరు తప్పుకుంటే కష్టం. సామాను జాబితా, చందా పద్దు, పోటీల తేదీలు రాసిపెట్టి, కుర్రాళ్లలో ఒకరికి ముందునుంచే పని అప్పగిస్తే ఆట ఆగదు. రహీం పోయాక కూడా ఇక్కడి ఆట ఆగలేదు; 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు రాష్ట్రాల జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది.