పదకొండో గంట తరువాత: 1918 నాటి కాల్పుల విరమణ, దాని స్మరణ

మొదటి ప్రపంచయుద్ధం 1918 నవంబరు 11న ముగిసిందని చదువుకుంటాం. ఆనాడు కుదిరింది కాల్పుల విరమణ మాత్రమే. కాల్పుల విరమణ అంటే పోరును నిలుపుదల చేసే సైనిక ఒడంబడిక. రాజ్యాల మధ్య యుద్ధస్థితిని చట్టపరంగా తొలగించేది శాంతి ఒప్పందం. తెలుగులో ఈ రెంటినీ 'సంధి' అనే ఒక్క మాటతో సరిపెట్టడం కద్దు. వ్యాకరణంలోనైనా రాజనీతిలోనైనా సంధి అనగానే కలయిక స్ఫురిస్తుంది. 1918లో జరిగినదానిలో ఆ కలయిక లేదు.

ఉత్తర ఫ్రాన్సులోని కంపియేన్ అడవిలో, ఒక రైలుపెట్టెలో, తెల్లవారుజామున 5 గంటలు దాటాక సంతకాలు జరిగాయి. మిత్రరాజ్యాల పక్షాన మార్షల్ ఫోష్, జర్మనీ పక్షాన మథియాస్ ఎర్జ్‌బెర్గర్ ముఖ్యులు. ఒప్పందం అమలులోకి వచ్చింది ఉదయం 11 గంటలకు. మధ్యనున్న ఆరు గంటలలోనూ దాడులు ఆగలేదు. ఆ ఒక్కరోజే సుమారు 2,700 మంది మరణించారని చరిత్రకారుల అంచనా. గడువు తెలిసి కూడా దాడులకు పంపిన సేనానుల నిర్ణయాన్ని సమర్థించడం కష్టం.

ఒప్పందం కాలపరిమితి 36 రోజులే. దానిని మూడుసార్లు పొడిగించవలసివచ్చింది. జర్మనీ ఆక్రమిత భూభాగాలను 15 రోజులలో ఖాళీచేయాలి, 5,000 ఫిరంగులను అప్పగించాలి. సముద్రదిగ్బంధం మాత్రం కొనసాగుతుంది. వెర్సాయ్ ఒప్పందంపై సంతకాలు 1919 జూన్ 28న జరిగాయి, అది 1920 జనవరి 10న గాని అమలులోకి రాలేదు. తూర్పు ఆఫ్రికాలోని జర్మన్ సేనాని లెట్టో-ఫోర్బెక్ ఆయుధాలు దించింది నవంబరు 25న. అంటే 'పదకొండో గంట' ప్రధానంగా పశ్చిమ రంగానికి చెందినది.

ఓటమిపత్రంపై సంతకానికి జర్మన్ ప్రతినిధిబృందానికి నాయకత్వం వహించింది సేనాధిపతి కాదు, పౌర రాజకీయవేత్త. సైన్యం ఓడలేదు, పౌరనాయకులే వెన్నుపోటు పొడిచారన్న కట్టుకథకు ఇది ఊతమిచ్చింది. 1921లో ఎర్జ్‌బెర్గర్‌ను తీవ్రజాతీయవాదులు హత్యచేశారు. 1940 జూన్‌లో హిట్లర్ అదే రైలుపెట్టెను తెప్పించి, అదే చోట ఫ్రాన్సుచేత సంతకం చేయించాడు. స్మారకంగా దాచిన వస్తువే ప్రతీకారానికి సాధనమైంది.

స్మరణకు రూపం 1919లో వచ్చింది. రాజు ఐదవ జార్జి పిలుపుతో మొదటి వార్షికోత్సవాన ఉదయం 11 గంటలకు బ్రిటిష్ సామ్రాజ్యంలో రెండు నిమిషాల మౌనం పాటించారు. మృతదేహాలను స్వదేశానికి తేరాదన్నది బ్రిటన్ విధానం. కర్మకాండకు దేహమే దక్కని కుటుంబాలకు 1920లో వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఖననం చేసిన అజ్ఞాతసైనికుడు ఒక ఆసరా అయ్యాడు. తరువాత ఈ తేదీ అర్థం దేశానికొక తీరుగా మారింది. అమెరికాలో 1954 నుంచి ఇది మాజీ సైనికులందరి దినం, పోలెండులో స్వాతంత్ర్యదినం.

భారతదేశానికి ఈ తేదీ ఎంతవరకు వర్తిస్తుంది? పది లక్షలకు పైగా భారతీయులు విదేశీ రంగాలకు వెళ్లారు, 70,000కు పైగా మరణించారు. 1915 నాటి భారతరక్షణ చట్టం యుద్ధకాలానికీ, ఆపై ఆరునెలలకూ పరిమితం. యుద్ధం చట్టపరంగా ముగిస్తే ఆ నిర్బంధాధికారాలు చేజారిపోతాయి. వాటిని నిలుపుకోవడానికే 1919 మార్చిలో రౌలట్ చట్టం చేశారు. జలియన్‌వాలాబాగ్ కాల్పులు ఏప్రిల్ 13న జరిగాయి, అప్పటికి వెర్సాయ్ సంతకాలే కాలేదు.

స్మారకాలూ ఈ తేడాను దాచలేదు. 1921లో శంకుస్థాపన జరిగి 1931లో ఆవిష్కృతమైన ఇండియా గేటు మీద 1919 నాటి మూడవ ఆఫ్ఘన్ యుద్ధ మృతుల పేర్లూ ఉన్నాయి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాలకు గుర్తు. వాటితో ముడిపడిన స్మరణదినం నవంబరు 11 కాదు, హైఫా పట్టణం చేజిక్కిన సెప్టెంబరు 23. తాడేపల్లిగూడెం సమీపాన, తరతరాలుగా సైన్యంలో చేరుతున్నవారున్న మాధవరానికైతే ఏ తేదీతోనూ పనిలేదు. జనం దానిని 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు.