బ్రేకులు ఫెయిలైన లారీకి గులకరాళ్ల పాన్పు

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో ఘాట్ రోడ్డు లేదు. హైదరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి గరికపాడు దగ్గర పాలేరు దాటి ఆంధ్రలోకి వస్తుంది. అక్కణ్ణించి చిల్లకల్లు టోల్‌గేటు, నందిగామ మీదుగా కీసర మునేరు దాకా కనిపించేవన్నీ చిన్నచిన్న ఎత్తుపల్లాలే. కానీ ఇక్కడి లారీలు ఇక్కడే తిరగవు. జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీల సిమెంటు, మెట్ట చేలల్లో పండిన పత్తి, మిర్చి ఎక్కించుకుని దక్షిణాదికి పోయే బండి ఎక్కడో ఒకచోట కొండ దిగాలి. బెంగళూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు పలమనేరు దాటాక మొగిలి ఘాట్ ఉంది. సేలం వైపు పోతే ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ ఉంది.

తొప్పూరులో 2020 డిసెంబరు 12న ఆంధ్ర నుంచి సిమెంటు బస్తాలతో వెళ్తున్న లారీ వాలులో అదుపు తప్పి, ముందు నిలిచిపోయి ఉన్న కార్లను వరసగా గుద్దుకుంటూ పోయింది. నలుగురు చనిపోయారు. మొగిలిలో 2024 సెప్టెంబరు 13న ఎదురుగా వస్తున్న లారీ డివైడరు దాటి ఆర్టీసీ బస్సు మీదికి వచ్చింది. ఏడెనిమిది ప్రాణాలు పోయాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనం డ్రైవర్ని తిడతాం, లేదా బండి కండిషన్‌ని తిడతాం. ఆ వాలులో లారీ తప్పుకోవడానికి వేరే దారి ఏదైనా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అలాంటి దారి ఒకటి ప్రపంచంలో దాదాపు 70 ఏళ్లుగా ఉంది. దాని పేరు ఎస్కేప్ ర్యాంప్. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. దాని సరుకంతా గులకరాళ్లే.

అసలు బ్రేకులు ఎందుకు ఫెయిలవుతాయి? చాలాసార్లు వైరు తెగో, పైపు పగిలో కాదు. 40 టన్నుల లారీ 300 మీటర్ల ఎత్తు దిగిందంటే దాదాపు 118 మెగాజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న అదే లారీని ఒకసారి ఆపడానికి కావలసింది 10 మెగాజౌళ్లే. అంటే ఒక్క ఘాట్ దిగడమంటే చల్లారే వ్యవధి ఇవ్వకుండా 12 సార్లు బ్రేకు వేసి ఆపడమన్నమాట. బ్రేకుల మీదే భారమంతా వేస్తే ఆ వేడంతా డ్రమ్ముల్లోకి పోతుంది. కాలిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్‌కు దూరం జరుగుతుంది. లైనర్‌లోని జిగురు పదార్థాలు మాడి పట్టు వదిలేస్తాయి. డ్రైవరు పెడల్ ఎంత తొక్కినా, గాలి పీడనం నిండుగా ఉన్నా, చక్రం మాట వినదు. మెకానిక్ చల్లారాక వచ్చి చూస్తే బ్రేకులు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

అందుకే పాత డ్రైవర్లు ఘాట్ ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగమంటారు. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే డ్రైవరు ఆ పట్టును తన చేత్తోనే వదిలేస్తున్నాడు. మంచి తారు రోడ్డు మీద చక్రం దొర్లడానికి అడ్డుపడే బలం బండి బరువులో నూటికి 1.2 వంతులే. వాలు అంతకు మించితే చాలు, న్యూట్రల్‌లో ఉన్న బండి వేగం పెంచుకుంటూనే పోతుంది. మైదానపు రోడ్లకు మామూలుగా ఒప్పుకునే వాలే నూటికి 3.3 దాకా ఉంటుంది. కాబట్టి ఈ లెక్క మన నందిగామ రోడ్డుకూ వర్తిస్తుంది. కాకపోతే ఇక్కడ వాలు కాస్త దూరంలోనే అయిపోతుంది.

ఇంజనుతో బండిని ఆపే విద్యను యంత్రంగా మలిచినవాడు క్లెస్సీ కమిన్స్. మన లారీల్లోనూ బస్సుల్లోనూ వినిపించే కమిన్స్ ఇంజన్ల కంపెనీకి మూలపురుషుడు ఆయనే. 1931లో తన డీజిల్ ట్రక్కు సత్తా చూపించడానికి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు బయల్దేరాడు. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు చేతులెత్తేశాయి. కింద రైల్వే గేటు, దాని మీదుగా పోతున్న గూడ్సు రైలు. ఆఖరి పెట్టె వెళ్లిపోవడమూ ట్రక్కు పట్టాలు దాటడమూ వెంట్రుకవాసి తేడాతో జరిగాయి. ఆ భయం ఆయన్ని వదల్లేదు. పిస్టన్ గాలిని నొక్కి పైకొచ్చిన క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఆ శక్తిని బయటికి వదిలేస్తే ఇంజను బండిని లాగడం మాని వెనక్కి పట్టుకుంటుందని రిటైరయ్యాక తేల్చాడు. జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

కమిన్స్ పరిష్కారం బండిలో ఉంది. రోడ్డులో ఉండే పరిష్కారం దానికన్నా ముందే, 1956లో, అదే కాలిఫోర్నియాలో వచ్చింది. తొలి ఎస్కేప్ ర్యాంపుగా చెప్పుకునేది అదే. మొదట్లో ఇవి మూడు రకాలుగా ఉండేవి. ఒకటి, రోడ్డు పక్కన కొండ మీదికి ఎక్కే ఉత్త ఎదురెక్కుడు దారి. లారీ పైకెక్కి ఆగుతుంది గానీ, బ్రేకుల్లేవు కాబట్టి మళ్లీ వెనక్కి జారి రోడ్డు మీదికే వస్తుంది. రెండోది ఇసుక దిబ్బ. అందులోకి దూసుకెళ్లిన బండి ఎంత గట్టిగా ఆగుతుందంటే లోపలివాళ్లకు దెబ్బలు తగలొచ్చు. పైగా వానకు తడిసిన ఇసుక గట్టిపడుతుంది. చివరికి నిలిచింది మూడోది, లోతుగా గులకరాళ్లు పోసిన తొట్టి. 1990 నాటికి అమెరికాలో 27 రాష్ట్రాల్లో కలిపి 170 దాకా ర్యాంపులు ఉండేవి.

కంకర పోస్తే సరిపోదా అని అనిపిస్తుంది. సరిపోదు. క్రషర్‌లో పగిలిన కంకరకు అంచులుంటాయి. ఒక రాయి అంచు ఇంకో రాయిలో ఇరుక్కుని గట్టి నేలలా తయారవుతుంది. రోడ్డుకూ రైలు పట్టాలకూ కావలసింది అదే గుణం, ర్యాంపుకు పనికిరానిదీ అదే గుణం. నీళ్లలో దొర్లి దొర్లి నునుపెక్కిన ఏటి గులకరాళ్లు, దాదాపు ఒకే సైజువి, ఒకదాన్నొకటి పట్టుకోవు. ధాన్యపు రాశిలో కాలు పెట్టినట్టు చక్రం దిగబడుతుంది. దిగబడిన చక్రం ముందున్న రాళ్లను నెట్టుకుంటూ పోవాలి, ఆ నెట్టడంలోనే బండి శక్తి ఖర్చయిపోతుంది. అమెరికన్ రహదారి ఇంజనీర్లు వాడే లెక్కల్లో వదులు కంకర అడ్డగించే బలం బరువులో 20వ వంతు, పరిచిన ఇసుకది ఏడో వంతు, చిన్న గులకరాళ్లది నాలుగో వంతు. గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే లారీ సమతలంలో కంకర మీద ఆగడానికి దాదాపు 790 మీటర్లు కావాలి. గులకరాళ్లలో 160 మీటర్లు చాలు. ఆ తొట్టినే నూటికి పది చొప్పున ఎదురెక్కుడుగా కడితే 115 మీటర్లకే ఆగుతుంది. వట్టి తారు మీదైతే 3 కిలోమీటర్ల పైమాటే.

ఈ రెండు రకాల రాయికీ మన పక్కనే ఒక చిరునామా ఉంది. నందిగామ నుంచి బెజవాడ వైపు పోతుంటే పరిటాల, దొనబండ క్వారీల క్రషర్లు పగలూ రాత్రీ కంకర కొడుతుంటాయి. అదే పరిటాల చుట్టుపక్కల గోల్కొండ సుల్తానుల కాలంలో జనం కృష్ణ తెచ్చి పరిచిన పాత గులకరాళ్ల పొరలు తవ్వి వజ్రాలు వెతికారు. ర్యాంపుకు కావలసింది వాళ్లు జల్లెడ పట్టి పారేసిన సరుకు!

రాళ్లు పోయడం కంటే ఎలా పోయాలన్నదే అసలు విద్య. లోతు కనీసం మీటరు ఉండాలి. అయితే మొదటి అడుగులోనే మీటరు లోతు పెడితే లారీ కుప్పకూలినట్టు ఆగుతుంది, వెనకున్న సరుకు ఆగదు. ఇనుప చువ్వల లోడైతే క్యాబిన్‌లోకి చొచ్చుకొస్తుంది. అందుకే ప్రవేశంలో 75 మిల్లీమీటర్ల పొరతో మొదలుపెట్టి 30 నుంచి 60 మీటర్ల దూరంలో మెల్లగా పూర్తి లోతుకు దింపుతారు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి రాళ్లలోకి దిగాలి. ఒకటి ముందు దిగితే బండి అటువైపు తిరిగి పల్టీ కొడుతుంది. కాబట్టి తొట్టి అంచు లారీ వచ్చే దిశకు అడ్డంగా, సూటిగా ఉండాలి. రోడ్డు నుంచి ర్యాంపులోకి మలుపు లేకుండా పోనివ్వాలి. వాలు మొత్తం అయిపోయాక కాదు, బండి తిరగలేని మలుపు రాకముందే ర్యాంపు రావాలి. పక్కనే క్రేన్ నిలబడడానికి చిన్న రోడ్డు, లాగేటప్పుడు పట్టు కోసం నేలలో దించిన కాంక్రీటు దిమ్మలు ఉండాలి. దిగబడిన 40 టన్నుల బండిని ఊరికే తాడు కట్టి లాగలేరు.

ఇంత చేసి వదిలేస్తే కొన్ని వానాకాలాల్లోనే ర్యాంపు చచ్చిపోతుంది. కొండ మీంచి కొట్టుకొచ్చిన మట్టి రాళ్ల సందుల్ని నింపుతుంది, గడ్డి మొలుస్తుంది, తొట్టి రోడ్డంత గట్టిపడుతుంది. అడుగున నీళ్లు పోయే పైపులు, మట్టి చేరకుండా గుడ్డపొర పరచాలి. ఏటా రాళ్లను తిరగేసి వదులు చేయాలి. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఖాళీగా, చదునుగా, రోడ్డు పక్కన కనిపించే జాగాలో టీ బంకు వెలుస్తుంది, దాని ముందు నాలుగు లారీలు ఆగుతాయి. ర్యాంపు ప్రవేశంలో నిలబెట్టిన లారీ ఉంటే అసలు ర్యాంపు లేకపోవడమే నయం.

ఇంతకన్నా కష్టమైన చిక్కు డ్రైవరు మనసులో ఉంది. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని డెన్వర్ దగ్గర కలప లోడుతో కొండ దిగుతున్న 23 ఏళ్ల లారీ డ్రైవరు, బ్రేకులు పోయాక, ఎస్కేప్ ర్యాంపు పక్కనుంచే వెళ్లిపోయాడు. కింద ట్రాఫిక్‌లో 28 వాహనాలు చిక్కుకున్నాయి, నలుగురు చనిపోయారు. కోర్టు 110 ఏళ్ల జైలుశిక్ష వేస్తే, దేశమంతా గగ్గోలు పుట్టి, గవర్నర్ దాన్ని 10 ఏళ్లకు తగ్గించాడు. ఆ శిక్ష సంగతి ఎలా ఉన్నా, ర్యాంపు ఉండటం ఒక ఎత్తు, ప్రాణభయంలో ఉన్న మనిషి రెండు మూడు సెకన్లలో దాన్ని ఎంచుకోవడం ఇంకో ఎత్తు అని ఆ కేసు చూపించింది. బండి దెబ్బతింటుందని, క్రేన్ ఖర్చు మీద పడుతుందని, ఇంకో మలుపు దాకా నెట్టుకురావచ్చని ఆశపడి ర్యాంపు వదిలేసే డ్రైవర్లు ఎక్కడైనా ఉంటారు.

ఈ చిక్కుముడిని మన రైల్వేలు ఇంకోలా విప్పాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దింపే కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో వేశారు. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ నుంచి అనంతగిరి కొండల్లో నిండు గూడ్సులు కిందికి దిగాలి. ఇలాంటి చోట్ల స్టేషను వైపు 80కి 1 కన్నా ఎక్కువ వాలుంటే క్యాచ్ సైడింగ్ ఉండాలని రైల్వే నియమం. ఎదురెక్కుడుగా, ఇసుకలోకి పోయే పక్కదారి అది. పట్టాలు మార్చే పాయింట్లు మామూలుగా ఆ పక్కదారికే పెట్టి ఉంటాయి. రైలు అదుపులో ఉందని తేలాకే అసలు లైనుకు తిప్పుతారు. అంటే తప్పించుకోవాలా వద్దా అన్న నిర్ణయం ప్రమాదంలో ఉన్న మనిషికి వదల్లేదు. రోడ్డు మీద ఈ పద్ధతి కుదరదు. కాబట్టి బోర్డులు, రంగులు, ముందస్తు హెచ్చరికలు అంత గట్టిగా ఉండాలి. రాబోయే ర్యాంపు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో డ్రైవరుకు ఘాట్ పైనే తెలియాలి.

2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున మన ముండ్లపాడు దగ్గర హైదరాబాదు పోతున్న బస్సు డివైడరు మీదికెక్కి రెండు కల్వర్టుల మధ్య ఖాళీలో పడిపోయింది. పది మందికి పైగా చనిపోయారు. అక్కడ వాలూ లేదు, లారీ లేదు. కానీ ర్యాంపు వెనకున్న ఆలోచనే అక్కడా లోపించింది. రోడ్డు గీసేవాడు డ్రైవరు ఎప్పుడూ తప్పు చేయడన్న లెక్కతో గీస్తే, జరిగిన ప్రతి తప్పుకూ ప్రాణాలే జరిమానా అవుతాయి.

మొగిలి లాంటి ఘాట్లలో ర్యాంపులకు కావలసిన రాళ్లు, లెక్కలు మన దగ్గర ఉన్నాయి. ఆ ర్యాంపులు కట్టే బాధ్యత రహదారుల శాఖది. జగ్గయ్యపేట, నందిగామ లారీ యజమానులు చేయగలిగినదీ ఒకటుంది. ఘాట్ మీదికి పంపే ముందే డ్రైవరుకు మాట ఇవ్వండి: బ్రేకు వేడెక్కి పట్టు తప్పితే, ర్యాంపు ఉన్నచోట బండిని అందులోకి తిప్పు, క్రేన్ ఖర్చూ రిపేరూ మావి, నీ జీతంలో రూపాయి కోయం.