రంగు కింద నేల

ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్ కోర్టుల్ని టీవీలో చూసేవాళ్లకు ఆ ఎర్రమట్టి చాలా లోతుగా ఉందనిపిస్తుంది. పైన పరిచిన ఇటుకపొడి మందం మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద ఆరేడు సెంటీమీటర్ల తెల్ల సున్నపురాయి పొడి ఉంటుంది. ఆ కింద బొగ్గు కాల్చగా మిగిలిన చిట్టెం, ఇంకా కింద కంకర, అట్టడుగున రాళ్లు. సున్నపురాయి తేమను పట్టి ఉంచుతుంది, కింది పొరలు మిగులు నీటిని దించేస్తాయి. ఆట సాగేది ఎర్రపొడి మీదే అయినా, దాన్ని నిలబెట్టేది కింద ఉన్న ఈ కట్టుబడి అంతా.

మన నగరాల్లో అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, క్లబ్బులు ఇప్పుడు ఉత్సాహంగా టెన్నిస్, పికిల్‌బాల్ కోర్టులు వేయిస్తున్నాయి. నీలం వేయాలా, ఆకుపచ్చ వేయాలా అని కమిటీల్లో గంటల తరబడి చర్చ నడుస్తుంది. అడుగున ఉన్నది ఏ మట్టి, వాన నీరు ఎటు పోతుంది అని అడిగేవాళ్లు తక్కువ. కోర్టు పదేళ్లు నిలుస్తుందా, రెండు వానాకాలాలకే పగులుతుందా అన్నది తేలేది ఆ రెండు ప్రశ్నల దగ్గరే.

నల్లరేగడితో జాగ్రత్త

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల రైతులకు నల్లరేగడి గుణం కొత్తగా చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పత్తికి మేలు చేసే ఈ నేల కోర్టుకు ప్రమాదం. పైన ఎంత మంచి కాంక్రీటు పోసినా కింద మట్టి పైకీ కిందకీ కదులుతుంటే పలక పగలక తప్పదు. అందుకే నల్లమట్టిని తవ్వి తీసేసి మొరం నింపుతారు, లేదా మట్టిలో సున్నం కలిపి గట్టిపరుస్తారు. మొరాన్ని ఒకేసారి గుమ్మరించకూడదు. పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొరనూ తడిపి రోలర్ తిప్పాలి. తొందరపడి ఈ దశ దాటేసిన కోర్టుకు తర్వాత ఎన్ని పూతలు వేసినా పగుళ్లు తిరిగి తేలుతూనే ఉంటాయి.

తర్వాత కంకర, దాని మీద తారు గానీ కాంక్రీటు గానీ వేస్తారు. కాంక్రీటయితే కింద మందపాటి పాలిథిన్ షీటు పరచడం తప్పనిసరి. లేకపోతే నేలలోని చెమ్మ పైకెక్కి రంగును బుడగలుగా లేపేస్తుంది. పలకల మధ్య అతుకు నెట్ కిందికి వచ్చేలా చూసుకుంటే బంతి దాని మీద పడే అవకాశం తక్కువ. కాంక్రీటుకు 28 రోజులు, తారుకు కనీసం రెండు వారాలు గడువిచ్చాకే రంగు వేయాలి.

ఏడంగుళాల వాటం

టెన్నిస్ కోర్టు గీతల మధ్య పొడవు 78 అడుగులు, డబుల్స్‌కు వెడల్పు 36 అడుగులు. ఆటగాళ్లు పరుగెత్తే చోటు కూడా కలుపుకుంటే 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావాలి. ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో పడకుండా పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. హార్డ్ కోర్టుకు వందకు ఒకటి చొప్పున వాటం ఇస్తారు. అంటే 60 అడుగుల వెడల్పులో ఒక అంచు కన్నా రెండో అంచు దాదాపు ఏడంగుళాలు దిగువన ఉంటుంది. ఆటగాడి కంటికి అది ఆనదు, నీటికి మాత్రం దారి దొరుకుతుంది. మొత్తం నేల ఒకే వైపుకు వాలాలి. నెట్ దగ్గర ఎత్తుచేసి రెండు వైపులా దించితే ఆట దెబ్బతింటుంది.

పైపూతగా వేసే అక్రిలిక్‌లో సన్నని ఇసుక కలుపుతారు. ఇసుక గరుకుగా, ఎక్కువగా ఉంటే బంతి నెమ్మదిస్తుంది, నునుపు పెరిగితే దూసుకుపోతుంది. ఆటగాడి పాదానికి పట్టు దొరికేది కూడా ఆ ఇసుక వల్లే.

120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న ఆ స్థలంలోనే పికిల్‌బాల్ కోర్టులు నాలుగు పడతాయి. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఒక ఇంటి ఆవరణలోని పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద ఈ ఆట పుట్టింది. ఇప్పటికీ దాని కొలత బ్యాడ్మింటన్ డబుల్స్ కొలతే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. పాడెల్ అనే మరో రాకెట్ ఆటకు కోర్టు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. చుట్టూ గాజు గోడలు, ఇనుప జాలీ ఉంటాయి కాబట్టి గాలి తాకిడిని తట్టుకునే పునాది దూలం చుట్టూ వేయాలి. తుపాన్లు తాకే కోస్తాలో ఈ లెక్కను ఇంజినీరుకే వదలాలి.

మట్టి కోర్టుల బలం

ఇంత ఖర్చు అందరికీ సాధ్యం కాదు, అన్ని ఆటలకూ అవసరమూ లేదు. తంజావూరులో పుట్టి తెలుగునేల మీద బాగా పెరిగిన బాల్ బ్యాడ్మింటన్‌కు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన మట్టినేల చాలు. ఆ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్న జమ్మలమడక పిచ్చయ్య మన తెలుగువారే. అందులో వాడేది ఉన్ని బంతి. నేల తడిగా ఉంటే ఉన్ని నీరు పీల్చి బంతి బరువెక్కుతుంది, కాబట్టి మట్టి కోర్టుకైనా వాటం, చుట్టూ కాలువ ఉండాల్సిందే. తన చిన్నతనంలో హైదరాబాద్‌లో పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని సానియా మీర్జా చెప్పారు. అలుకుడు దుమ్మును అణచి నేలను కట్టి ఉంచుతుంది. అయితే మట్టి కోర్టుకు రోజూ చాకిరీ కావాలి. నీళ్లు చల్లాలి, రోలర్ తిప్పాలి, గుంటలు పూడ్చాలి, వానాకాలం పోయాక కొత్త మట్టి పరచాలి.

హార్డ్ కోర్టుకు రోజువారీ శ్రమ తక్కువ, కానీ అసలు లేకుండా పోదు. రాలిన ఆకులు కుళ్లి మరకలు పడకముందే ఊడ్చాలి. నీడపట్టున పాచి పడితే మెత్తటి బ్రష్‌తో కడగాలి, ఇనుప బ్రష్ తగలనివ్వకూడదు. వెంట్రుకవాసి పగులు కనిపించినప్పుడే పూడిస్తే నీరు లోపలికి దిగదు. కోర్టు మీద బైకులు పెట్టడం, పెళ్లిళ్లకు షామియానా గుంజలు పాతడం కచ్చితంగా ఆపాలి. గాలివాన హెచ్చరిక రాగానే కంచెకు కట్టిన గుడ్డ తెరలు విప్పేయాలి, లేకపోతే అవి గాలి పట్టి స్తంభాల్నే వంచేస్తాయి. ఇంత చూసుకున్నా వాడకాన్ని బట్టి నాలుగు నుంచి ఎనిమిదేళ్లకోసారి పైపూత మళ్లీ వేయించక తప్పదు.

కొత్త కోర్టు కట్టిస్తున్న కమిటీలు కాంట్రాక్టులోనే ఒక షరతు రాయించుకోవాలి. రంగు వేయకముందు కోర్టంతా నీళ్లతో తడిపి, ఎండలో గంటసేపు వదిలేయాలి. అమెరికాలో ఈ పరీక్షకు నికెల్ అనే ఐదు సెంట్ల నాణేన్ని నిలిచిన నీటిలో పడుకోబెడతారు. దాని మందం దాదాపు రెండు మిల్లీమీటర్లు. నాణెం మునిగిన ప్రతి గుంట చుట్టూ సుద్దతో గీసి, పూడ్పించి, మళ్లీ నీళ్లు పోయించి చూడాలి. ఆ పరీక్ష గట్టెక్కిన తర్వాతే రంగుల డబ్బాలు విప్పనివ్వాలి, ఆ పని బిల్లు కూడా అప్పుడే చెల్లించాలి.