కాచకుండా క్రిములను చంపడం ఎలా?



సాయంత్రం పితికిన పాలు తెల్లవారేదాకా విరగకుండా ఉండాలంటే మీ అమ్మ ఏం చేస్తుంది? కాచి పెడుతుంది. ఒకప్పుడు డాక్టరుగారు సూదిని నీళ్ళలో మరిగించిగాని పొడిచేవారు కారు. వేడికి క్రిములు చస్తాయి; పాలకూ, సూదికీ వచ్చే నష్టం లేదు. మరి కాచటానికి వీలులేని వస్తువు అయితే? ఒక మనిషి పోతూ పోతూ మరొకరికి ఇచ్చిపోయిన గుండె కవాటం అయితే?

ముందు కవాటమంటే ఏమిటో చూద్దాం. సైకిలు పంపులో తోలు వాషరు ఉంటుంది కదా! అది గాలిని ముందుకు పోనిస్తుంది, వెనక్కు రానివ్వదు. మన గుండెలో అటువంటి తలుపులు నాలుగు ఉన్నాయి. గుండెనుంచి ఒంటికంతటికీ నెత్తురు తీసుకుపోయే పెద్ద గొట్టాన్ని బృహద్ధమని అంటారు. దాని మొదట్లో ఉన్న కవాటానికి అర్ధచంద్రాకారంలో పల్చని రేకులు మూడు. రోజుకు సుమారు లక్షసార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి. చిన్నతనంలో గొంతునొప్పిని అశ్రద్ధ చేస్తే కొందరికి దాని వెనకనే కీళ్ళవాతజ్వరం వచ్చి, గుండెలోని కవాటాలు చెడిపోతాయి. (ఈ వాక్యాన్ని పెద్దలు రెండుసార్లు చదవాలి.)

1962 జూలైలో లండనులో డోనల్డ్ రాస్ అనే డాక్టరు, చనిపోయిన మనిషి కవాటాన్ని బతికున్న మనిషి గుండెలో, చెడినదాని చోటనే కుట్టాడు. మరుసటి నెలలోనే న్యూజీలాండులోని ఆక్లండు నగరంలో, గ్రీన్‌లేన్ ఆసుపత్రిలో బ్రయన్ బారట్-బాయస్ అనే డాక్టరు కూడా అదే పని చేశాడు.

ఇక చిక్కు ఎక్కడ వచ్చిందో చూడండి. ఈ కవాటాలను తీసేది శవాలను ఉంచే గదిలో. ప్రాణం పోయాక మన పేగులలో ఉండే క్రిములకు అడ్డేలేదు; అవి మెల్లగా ఒళ్ళంతా పాకుతాయి. అటువంటి కవాటాన్ని ఉన్నదున్నట్టు కుడితే రోగి గుండెలోనే క్రిములను నాటినట్టు! అందుచేత డాక్టర్లు మొదట్లో ఘాటైన రసాయనాలు వాడారు, కొందరు రేడియేషను కిరణాలు ప్రసరింపజేశారు. క్రిములు చచ్చాయి. కాని వాటితోపాటు కవాటమూ చెడింది. కొన్నేళ్ళకే రేకులు చిరగటం, సున్నం పట్టి బిరుసెక్కటం మొదలయింది. ఎలుకమీద కోపాన ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది.

1968లో గ్రీన్‌లేన్ డాక్టర్లు పద్ధతి మార్చారు. లవణాలు తగుపాళ్ళలో కలిపిన ద్రవంలో యాంటీబయాటిక్ మందులు వేసి, కవాటాన్ని అందులో నానబెట్టారు. ఒకే మందు కాదు, కొన్ని కలిపి. ఒకటి చంపలేని క్రిమిని ఇంకొకటి పట్టుకుంటుంది.

ఈ మందులు క్రిమిని చంపి కవాటాన్ని ఎందుకు వదిలిపెడతాయి? అసలు సంగతి ఇక్కడే ఉన్నది. క్రిమి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. అది పెరిగేటప్పుడు ఆ గోడకు కొత్త ఇటుకలు పేర్చుకోవాలి. పెనిసిలిన్ ఆ తాపీపనిని చెడగొడుతుంది. గోడ బీటలువారి, నీళ్ళు లోపలికి చొరబడి, క్రిమి పగిలిపోతుంది. మనిషి కణాలకు అసలు గోడే లేదు. లేని గోడను పెనిసిలిన్ ఏం పడగొడుతుంది? స్ట్రెప్టోమైసిన్‌ది వేరే దారి. క్రిమి మాంసకృత్తులు తయారుచేసుకునే యంత్రాన్ని అది పాడుచేస్తుంది. ఆ యంత్రం మనకూ ఉన్నదిగాని, దాని అమరిక వేరు.

అయితే ఇందులో ఒక తమాషా ఉన్నది. కవాటం పాడవకుండా ఉండాలంటే చల్లగా, 4 డిగ్రీల దగ్గర ఉంచటం మేలు. కాని ఆ చలిలో క్రిమి కూడా ముడుచుకుని పడుకుంటుంది. పెరగదు, గోడ కట్టదు. పని మానేసిన తాపీవాడి పని ఎవరు చెడగొట్టగలరు? అందుకని చలిలో నానబెట్టేవారు ఒక రోజో, అంతకన్న ఎక్కువో ఆగుతారు. మరికొందరు ఒంటి వేడికి, అనగా 37 డిగ్రీలకు తెచ్చి కొన్ని గంటలు నానబెడతారు. లోకమంతటా ఒకే పద్ధతి లేదు.

నానిన తరువాత బాగా కడగాలి. ఎందుకో చెప్పగలరా? కవాటం పక్కనుంచి చిన్న ముక్క కత్తిరించి, పోషక ద్రవంలో వేసి, క్రిములు పెరుగుతాయేమోనని కొన్ని రోజులు చూస్తారు. ముక్కకు మందు కాస్త అంటుకుని ఉన్నా, చావక మిగిలిన క్రిమి కిక్కురుమనదు. పరీక్షలో అంతా శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది! నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఇన్‌స్పెక్టరుగారు తరగతిలో ఉన్నంతసేపూ అల్లరిపిల్లలు ఎంత బుద్ధిగా కూర్చునేవారో! ఆయన వెళ్ళాక చూడాలి.

వైరసులకు గోడా లేదు, యంత్రమూ లేదు. కనుక ఈ మందులు వాటి జోలికి పోలేవు. వాటికోసం దాత రక్తాన్ని విడిగా పరీక్షిస్తారు.

నాకు ఈ సంగతులమీద ఆసక్తి కలగటానికి కారణం ఉన్నది. మా అన్నయ్య పోయిన రాత్రి నేత్రనిధి నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. ఆరు గంటలు దాటితే కళ్ళు పనికిరావేమోనని మా వదిన దుఃఖంలో కూడా గడియారం వంకే చూస్తున్నది. వాళ్ళు అన్నయ్య కళ్ళను అయొడిన్ మందుతో శుభ్రంచేసి, కంటి ముందు గడియారపు అద్దంలాగా ఉండే పారదర్శకమైన పొరలను తీశారు. వాటినే కార్నియాలు అంటారు. పరీక్షకు నెత్తురు కూడా తీసుకున్నారు. కార్నియాలను రెండు చిన్న సీసాలలో వేశారు. సీసాలలో గులాబిరంగు నీళ్ళున్నాయి.

"ఆ నీళ్ళేమిటి నాయనా?" అన్నది వదిన.

"కార్నియాకు ఆహారమమ్మా. క్రిములకు జెంటామైసిన్ అనే మందు కూడా కలిపారు. చల్లగా ఉంచితే నాలుగు రోజులు నిలుస్తుంది," అన్నాడు వారిలో చిన్నవాడు.

తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ ద్రవాన్ని 1974లో మెక్‌కారీ, కాఫ్‌మన్ అనే ఇద్దరు అమెరికనులు కనిపెట్టారు. వారి పేర్లలోని మొదటి అక్షరాలతో దానిని ఎం.కె. ద్రవం అంటారు. చలిలో జెంటామైసిన్ కూడా మందకొడిగానే పనిచేస్తుంది. ఆ కుర్రవాళ్ళు అయొడిన్‌తో అంత శ్రద్ధగా ఎందుకు శుభ్రంచేశారో నాకు అప్పుడు అర్థమయింది.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. ఒక కార్నియాను ఎవరికో అమర్చారట. పేరు చెప్పరు, అది నియమం. రెండవది పరీక్షలో నెగ్గలేదు. దానిని ఆపరేషను నేర్చుకునే డాక్టర్లకు ఇచ్చారు. వదిన ఆ ఉత్తరాన్ని మడిచి, అన్నయ్య కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నది.