సీగల్ పక్షులను పోల్చుకొనుట

శీతకాలమున కాకినాడ తీరమునకు, పులికాటు సరస్సునకు వచ్చు సీగల్ పక్షులలో గోధుమతల, నల్లతల అను రెండు జాతులు చూపునకు ఒకటిగానే యుండును. ఎదిగిన పక్షులనైనను తలరంగుతో పోల్చరాదు. సంతానకాలము ముగిసిన పిమ్మట ఈకలు మారి రెండింటి తలయు తెల్లబడును. చెవివద్ద నల్లమచ్చ మాత్రము మిగులును. నల్లతల దానికి వేసవిలోనైనను తల ముదురు గోధుమ రంగే, పేరు నమ్మరాదు!

ఎగురునప్పుడు రెక్కకొన చూడవలెను. గోధుమతల దానికి కొన వెడల్పుగా నల్లగా నుండి, అందు తెల్లమచ్చలు కనిపించును, కన్ను లేతరంగు. నల్లతల దానికి రెక్క ముందంచున తెల్లని పట్టె, కన్ను ముదురురంగు.

2005లో చైనాలోని చింగ్‌హై సరస్సువద్ద బర్డ్ ఫ్లూతో చచ్చిన పక్షులలో గోధుమతలవియు కలవు గనుక, తీరమున కోళ్లు పెంచు రైతులకు ఈ గుర్తులు అక్కర. చచ్చిన పక్షి కనబడినచో తాకక పశువైద్యశాలకు తెలుపవలెను.